రెండంగుళాలు తక్కువ

నా మిషను ఉన్న రేకుల షెడ్డులోంచి
సరస్సు కనిపిస్తుంది.
కిసుములో ఎండ తొందరగా ముదురుతుంది.
మినీబస్సుల వాళ్ళు బళ్ళను నీళ్ళలోకి దింపి కడిగి
పనిలో పనిగా తామూ స్నానాలు కానిస్తారు,
సబ్బు నురగ తప్ప ఒంటి మీద నూలుపోగు లేకుండా.
దారిన పోయేవాళ్ళు ఆగి పలకరిస్తారు,
చేపల ధర అడుగుతారు.
ఎవరి కొంపా మునగదు.
నేనూ చూస్తాను, చూడలేదని ఎందుకు బొంకాలి,
చూసి, సూదిలోకి దారం ఎక్కించుకుంటాను.

నిన్న అవినో వచ్చింది.
పద్దెనిమిది నిండాయని గుర్తింపు కార్డు కోసం పోతే
ఆఫీసు గేటు దగ్గర ఒగుటు
స్కేలు పెట్టి కొలిచాడట.
మోకాలికి రెండంగుళాలు పైన.
ఇది ఆఫీసు, బజారు కాదు అన్నాడట.
బజారులోనేమో ఇది బజారు, నీ ఇల్లు కాదంటారు.
ఇంట్లో, మామయ్యలు తిరుగుతుంటారు చూసుకో అంటారు.
ఆ రెండంగుళాల కాలిని ఎక్కడ పెట్టుకోవాలో
ఏ బోర్డు మీదా రాసి లేదు.

స్కర్టు తిరగేసి చూశాను.
అంచు మడత ఇప్పటికే రెండుసార్లు విప్పింది నేనే.
పాత కుట్ల జాడలు రెండు,
ఎదిగే పిల్లకి గోడ మీద గీసిన గీతల్లాగా,
పదమూడో ఏట ఒకటి, పదహారో ఏట ఒకటి.
స్కర్టు పొట్టిది కాలేదు నాయనా,
పిల్ల పొడుగైంది.
ఆ మాట అది అనలేదు.
"మడతలో ఇంకేమన్నా మిగిలిందా కన్సొలాటా అత్తా?"
అని మాత్రం అడిగింది.

ఏమీ మిగల్లేదు.

ముప్పైరెండేళ్ళుగా ఒళ్ళు కొలుస్తున్నాను.
టేపుకి సిగ్గు తెలీదు.
పాస్టరు భార్య నడుమైనా, సారా కొట్టు పిల్ల నడుమైనా
దానికి అంకె అంకే.
మగాళ్ళు వచ్చి, పొట్ట పెరిగింది, వదులు చెయ్ అంటారు
పొట్ట నిమురుకుంటూ, జీతం పెరిగినంత సంబరంగా.
ఆడాళ్ళు అదే మాట
తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చెబుతారు.
ఇద్దరికీ నేను వదిలేది ఆ అంగుళమున్నరే.

ఒకసారి బస్టాండులో ఒకామెకి
ఒంటి మీద గుడ్డ చాలలేదని
ఉన్న గుడ్డ కూడా పీకేశారు.
ఆ గౌను అతకమని నా దగ్గరికే తెచ్చింది.
నాలుగు చేతులు నాలుగు వైపులకి లాగిన చిరుగు,
ఎన్నిసార్లు విప్పి కుట్టినా తిన్నగా రాలేదు.
డబ్బులొద్దన్నాను.
బల్ల మీద పెట్టి పోయింది.
ఆమెదే సబబు. దానం తీసుకోవడానికి
ఆమె ఏం తప్పు చేసిందని?

ఒగుటు నాకు కొత్త కాదు.
పోయిన నెల ప్యాంటు వెనక పిగిలిపోయి
పరుగున వచ్చాడు.
తువ్వాలు చుట్టుకుని ఇదే స్టూలు మీద అరగంట,
తొడలకి సరస్సు గాలి తగిలించుకుంటూ
టీ తాగాడు, రాజకీయాలు మాట్లాడాడు.
ఆ పూట స్కేలు తేలేదు.
ఎలాగూ పొడుగుందని కాళ్ళు కూడా కత్తిరించమన్నాడు.
ఆ ఖాకీ ముక్కలు రెండూ
బిస్కెట్ల డబ్బాలో పడున్నాయి.

తీశాను.
రెండు కాళ్ళ ముక్కలూ కలిపితే
స్కర్టు చుట్టుకొలతకి కరెక్టుగా అందాయి.
నీలం మీద ఖాకీ, ఏమంత అందంగా లేదు.

ఇవాళ పొద్దున ఒగుటు గేటు దగ్గర వంగాడట.
స్కేలు ఆనించి
తన ప్యాంటుని తానే కొలుచుకుని
"ఇప్పుడు మర్యాదగా ఉంది" అన్నాడట.

నేను పడీ పడీ నవ్వాను. అవినో నవ్వలేదు.
రసీదు నా చేతిలో పెట్టింది.
పేరు తప్పు రాశారు. మళ్ళీ పోవాలి, వచ్చే నెల.

అప్పటికి ఇంకెంత పొడుగవుతుందో.